ఆ గంట ఎవరిది?

వెన్నుపాము దెబ్బతిని, నడుము కింద స్పర్శా కదలికా పోయి ఏడేళ్లయింది. పొద్దున్నే మంచం మీంచి వీల్‌చైర్‌లోకి జరిగి, బట్టలు వేసుకుని తయారవడానికి నా ఒక్కదానికీ గంటన్నర పడుతుంది. నాకు సాయంగా వచ్చే అక్క ఓ చేయి వేస్తే అరగంట. మిగిలిన గంటలో చదువుకోవచ్చు, సగంలో ఆగిన వ్యాసం పూర్తి చేసుకోవచ్చు. అయినా చాలాకాలం ఆ సాయం వద్దన్నాను. నా పని నేను చేసుకుంటేనే స్వతంత్రురాలినని నమ్మాను.

ఆ నమ్మకం నాకెక్కడిది? ఇంటి చాకిరీ అంతా ఒంటిచేత్తో లాక్కొచ్చే ఆడదాన్నే మనవాళ్లు మెచ్చుకుంటారు. ఆమె ఒంట్లో బలం ఇతరులకు పనికొచ్చినంతసేపే దానికి విలువ. తనకోసం వ్యాయామం చేస్తే అది పనిలేని పని. నాకు మాత్రం అది బతుకు అవసరం. చేతుల మీద బరువు మోపి మాటిమాటికీ ఒళ్లు పైకెత్తుకోకపోతే నాకు తెలియకుండానే పుండ్లు పడతాయి. ఇప్పుడు భుజాలే నా కాళ్లు. వాటిని బలపరచుకోవాలి, అరగదీసుకోకూడదు. అన్నీ నేనే చేస్తానన్న పంతంతో కుడి భుజం వాచాక గానీ ఈ తేడా తెలిసిరాలేదు.

మా రాయలసీమలో పెద్ద జబ్బంటే వేలూరు ప్రయాణమే. అక్కడి సి.ఎం.సి.లో పనిచేసిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిన్నారు. ఆ తర్వాత చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం ఏర్పడడం వెనుక ఆమె కృషి ఉంది. మనం ఆమె మనోబలం గురించే చెప్పుకుంటాం, పక్కనున్న చేతుల గురించి చెప్పుకోం. నడవగలిగే మగ సర్జనుకూ పరికరాలందించే చేతులుంటాయి. వేళకు కంచంలో అన్నం వడ్డించే చేతులుంటాయి. దాన్నెవరూ పరాధీనత అనరు. సాయం ఎప్పుడు, ఎంత, ఎలా అన్నది నేను నిర్ణయించుకోగలగడమే స్వాతంత్య్రం అనుకున్నాక అక్క చేయి అందుకున్నాను.

కథ అక్కడితో అయిపోలేదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మా అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. అక్క ఏళ్ల తరబడి ఆ పనుల్లో మట్టి మోసింది. చెనక్కాయ చెట్లు పీకింది. ఇప్పుడు నన్ను ఎత్తుతోంది. ఒకరోజు నేను రబ్బరు పట్టీ లాగుతూ భుజాల కసరత్తు చేస్తుంటే, "నీది ఎక్సర్‌సైజు, మాది పని పాపా. నొప్పులు మాత్రం ఇద్దరికీ ఒగటే" అంది. నవ్వాను. తర్వాత నవ్వలేకపోయాను. నాకు మిగిలిన ఆ గంట ఆమె నడుములోంచి వస్తోంది.

ఇప్పుడు మంచం మీంచి కుర్చీలోకి జరగడానికి నున్నటి చెక్క వాడుతున్నాం. ఆమె ఎత్తే పని తగ్గింది. వారానికో రోజు జీతంతో సెలవు. ఆ రోజు గంటన్నరా నేనే పెట్టుకుంటాను, ఎవరికీ ఏదీ రుజువు చేయడానికి కాదు. అయినా లెక్క తేలలేదు. రేపు ఆమె నడుము వంగనంటే, ఆమెకు చేయి వేసేదెవరు? నేనిచ్చే జీతం ఒక్కటే దీనికి జవాబు కాదని మాత్రం తెలుసు.