గుండ్లకమ్మకు ముందటి యేండ్లు

1878 వ సంవత్సరము జూలై 3 వ తేదీన, ఒంగోలునకు ఉత్తరమున గుండ్లకమ్మ యొడ్డునగల వెల్లంపల్లి కడ, ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరన్న వృత్తాంతమును వినుచు పెరిగినవారిలో నేనొకడను. ఇద్దరిద్దరు బోధకులు నీటిలోనికి దిగుచు, వారలసినంతనే వేఱిద్దరు వారి స్థానమున నిలుచుచు, ప్రొద్దు వాలువరకు ఆ కార్యమును సాగించిరని పెద్దలు చెప్పుచుండగా, ఆ సంఖ్యను వల్లించుటయందే మా బాల్యమునకొక గర్వము కలుగుచుండెను. ఆ సంఖ్య నేటికిని నాకు ప్రియమైనదే. అయినను వయస్సు పైబడిన కొలదియు నా మనస్సు ఆ దినమును దాటి వెనుకకు పోయి, దానికి ముందు గడచిన నలువదిరెండేండ్లయొద్దనే తఱచుగా నిలిచిపోవుచున్నది.

శామ్యూల్ డే అను అమెరికా బాప్తిస్టు మిషనరీ 1836 లో ఈ దేశమునకు వచ్చి, విశాఖపట్టణమునను చెన్నపట్టణమునను కొంతకాలము గడపి, 1840 లో నెల్లూరున స్థిరపడెను. భాష నేర్చెను, సంతలలోను తిరునాళ్లలోను నిలిచి బోధించెను, బడి పెట్టెను. వినినవారు వేలకొలది, విశ్వసించినవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. దేహము శిథిలమై 1853 లో ఆయన నెల్లూరు విడిచి స్వదేశమునకు ఓడయెక్కెను, మఱల రాలేదు. ఆ యేడే ఆల్బనీ నగరమున సమావేశమైన ఆయన మిషను సంఘమువారు, ఇంత ద్రవ్యమును ఇన్ని ప్రాణములను వ్యయము చేసియు ఫలము కానరాని ఈ తెలుగు సేవను మానివేయుట యుక్తము కాదా యని తర్కించిరి. వారి పటములో నెల్లూరునకు గుర్తుగా నుండిన ఒంటరి నక్షత్రమునుగూర్చి స్మిత్ అను కవి ఆ రాత్రియే కొన్ని చరణములు వ్రాయగా, మఱునాడు అవి చదువబడినప్పుడు సభ్యుల హృదయములు కరగినవనియు, సేవ నిలిచినదనియు చరిత్ర చెప్పుచున్నది. వారి హృదయములను కరగించినది నెల్లూరునుండి వచ్చిన శుభవార్త యేదియు కాదు. అట్టి వార్త రాలేదు.

1854 జనవరి 1 వ తేదీన, ఇంకను తెల్లవారకముందే, డే గారి తోటి మిషనరీయైన లైమన్ జ్యూయెట్ గారును ఆయన భార్యయు, తెలుగు విశ్వాసులు ముగ్గురును ఒంగోలున ఒక కొండనెక్కి, కనుచూపుమేర పరచుకొనియున్న పల్లెలకొఱకు ఒకరి తరువాత ఒకరు ప్రార్థించిరి. ఆ ఊరికి ఒక సేవకుని పంపుమని వారు వేడుకొనినప్పుడు, తదనంతరము ఆ సేవకుడు కాబోవు జాన్ క్లౌ పదునేడేండ్ల ప్రాయమువాడై, భక్తిమార్గమునకు దూరముగా నుండి, అమెరికా పశ్చిమభాగమున భూములు కొలుచు పనిలో ప్రవేశించుచున్న బాలుడు. డే గారు ఈ దేశమున అడుగుపెట్టిన 1836 వ సంవత్సరముననే అతడు జన్మించెను. ఆనాడు నేర్చిన ఆ కొలతల విద్యయే కదా, దాదాపు ఇరువదిమూడేండ్ల తరువాత కరవుకాలమున బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి కల్పించుటకు అతనికి అక్కరకు వచ్చినది! ఈ పోగులన్నియు కలిపి చూచుకొనుట నాకును ఆనందమే. కాని ఆ చీకటి వేకువను కొండపై మోకరించిన యైదుగురికి వీనిలో ఒక్క పోగైనను కనబడలేదని నేను మఱవరాదు. తరువాతి తరమువాడనగుటచేత నాకు అబ్బిన చూపును వారికి అంటగట్టి, వారు ధైర్యముగానుండిరనుట వారి పాట్లను చిన్నచేయుటయే యగును.

ఓర్పునుగూర్చి తలచినప్పుడెల్ల నేను మిషనరీలకంటె అధికముగా తలచువారు, మన గ్రంథములలో పేరులైనను మిగులని మాదిగపల్లెల జనులు. వారిలో మొదటివాడైన యెర్రగుంట్ల పేరయ్య పేరు మాత్రము నిలిచినది. తోళ్ల వ్యాపారముపై ఊరూరు తిరుగుచు, ఒక స్త్రీగురువుకడ యోగము నభ్యసించి, తృప్తి చాలక వెదకుచు వెదకుచు క్రీస్తును కనుగొని 1866 లో బాప్తిస్మము పొందిన ఆయన మూలముగా, ఆయన బంధువర్గమునందు విశ్వాసము ప్రాకెను. ఆదివారమున పనిచేయము, చచ్చిన గొడ్డు మాంసము తినము, విగ్రహములకు మ్రొక్కము అని వారు నిశ్చయించుకొనినంతనే, ఊరిపెద్దలలో పలువురు వారికి పనులు మాన్పించిరి, నీరు దొరకకుండ చేసిరి. కనబడు యజమానుని కోపము వాకిటనే నిలిచియుండగా, కనబడని యజమానుని మాటపై నిలుచుట యెట్టిదో నావంటి ఉద్యోగస్థుడు ఊహింపజాలడు.

అంతలో 1876 నాటి కరవు వచ్చెను. అన్నముకొఱకు మతము పుచ్చుకొనుచున్నారన్న అపవాదునకు వెఱచి, క్లౌ దొర పదునైదు నెలలపాటు ఒక్కరికైనను బాప్తిస్మమీయలేదు. ఆ నియమము న్యాయమైనదనియే నేనును తలంతును. అయినను ఆ నిరీక్షణ భారమును మోసినదెవరు? కలరా ముంచెత్తుచుండగా, బిడ్డలను పాతిపెట్టుకొనుచు, మమ్మును చేర్చుకొనుడని వచ్చి, ఇంకను కాదనిపించుకొని తిరిగిపోయినవారు. తమ యథార్థతనే శంకించిన ద్వారముకడకు వారు మఱల మఱల వచ్చిరి. కాలువపని ముగిసిన తరువాతను, ఇక మాకు సహాయమేమియు వలదు, బాప్తిస్మమొక్కటి చాలునని వచ్చిరి. వారి యుద్దేశములనుగూర్చి నేటికిని పండితులు తర్కించుచున్నారు. అణగద్రొక్కబడినవాడు గౌరవమును కోరుట దేవుని కోరుటకు విరుద్ధమా యని నేనడుగుదును. గుండ్లకమ్మలో మునిగిన ఆ జనులు వానిని రెంటిని వేఱుచేయలేదని నా నమ్మకము.

ఇంత చెప్పియు ఒక సంశయము నన్ను విడువదు. ఈ వృత్తాంతమును మనము చెప్పుకొను తీరులోనే ఒక ప్రమాదమున్నది. డే గారు ఓర్చెను, జ్యూయెట్ గారు ఓర్చెను, కావున తుదకు 2,222 మంది వచ్చిరి అని ముగించినప్పుడు, విశ్వాసము వడ్డీకిచ్చిన సొమ్మువంటిదగుచున్నది. ఆలస్యముగానైనను అసలును ఫాయిదాయు చేతికి వచ్చుననుటయే దాని సార్థక్యమగుచున్నది. జ్యూయెట్ గారు ఆ దినమును చూచుటకు జీవించియుండెను. డే గారు 1871 లోనే స్వదేశమున కన్నుమూసెను. ఆయన విశ్వాసము ఒక పాలు తక్కువదా? హెబ్రీయులకు వ్రాయబడిన పత్రికలో పదునొకండవ అధ్యాయమును శ్రద్ధగా చదువువారికి ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము దొరకును. విశ్వాసముచేత సింహముల నోళ్లు మూయించినవారిని, మృతులైన తమవారిని తిరిగి పొందిన స్త్రీలను కీర్తించుచు సాగిన ఆ వాక్యము, ఒక్క క్షణమైనను ఆగక, కొరడాదెబ్బలు తినినవారిని, రాళ్లతో కొట్టబడినవారిని, గుహలలో తిరుగులాడినవారిని చేర్చుకొనుచున్నది. తప్పించుకొనినవారికొక విశ్వాసము, తప్పించుకొననివారికొక విశ్వాసము అని అచ్చట విభజన లేదు. వాగ్దానము చేయబడినదానిని వీరందఱును పొందకయే మృతులైరని ఆ రచయిత నిస్సంకోచముగా చెప్పుచున్నాడు.

ఈ భాగము నాకు కేవలము పాఠ్యవిషయము కాదు. మా పెద్దక్క కుమారుడు చిన్నవయస్సుననే జ్వరముతో మంచమెక్కినప్పుడు, ఆ బిడ్డ స్వస్థతకై మా సంఘమంతయు ఉపవాసముండి ప్రార్థించెను, బిడ్డ దక్కలేదు. కొన్నాళ్లకు అక్క నన్ను, "మన ప్రార్థనలన్నీ ఎక్కడికి పోయాయిరా?" అని అడిగినప్పుడు నావద్ద మాట లేకపోయెను. గుండ్లకమ్మ వృత్తాంతము నోట మెదలినది గాని చెప్పలేకపోతిని; ఆ నదికి ఆమె యింకను రాలేదు, ఈ లోకమున వచ్చునో రాదో నేనెరుగను. డే గారి సంగతి మాత్రము చెప్పితిని: రోగియై, చేతిలో చూపుటకేమియు లేక, తిరిగి వత్తునన్న ఆశయు సన్నగిల్లి, ఓడయెక్కినవాని సంగతి.

ఆమె చాలసేపు ఊరకుండి, "ఆయనకు దేవుడి మీద కోపం రాలేదా?" అనెను.

"వచ్చే ఉంటుందక్కా."

"అయితే నాలాగే కీర్తనలు చదువుకుని ఉంటాడులే" అనెను. ఆమె చదువుచుండినది ఎనుబదియెనిమిదవ కీర్తన. కీర్తనలలో పెక్కు విలాపముతో ప్రారంభమై స్తోత్రముతో ముగియును. అది మాత్రము విలాపముతోనే ప్రారంభమై చీకటిలోనే ముగియును. దానిని గ్రంథమునుండి తొలగింపని ఇశ్రాయేలు పెద్దలకు నేను మిగుల ఋణపడియున్నాను. ఓదార్పు దొరకని ఆ భక్తుడు తన మొఱను ఎవరిమీద చెప్పవలసియుండెనో వారికే చెప్పుచు, రాత్రియు పగలును వారి యెదుటనే నిలిచియున్నాడు. మా అక్కయు అట్లే ఆ కీర్తనను దేవునికే చదివి వినిపించుచు, ఆదివారము తప్పక ఆరాధనకు వచ్చుచున్నది; కొన్నిమారులు పాడును, కొన్నిమారులు పాడదు.