దమ్ము ఎవరికుంది?

మా నల్లగొండ వైపు ఉబ్బసాన్ని ‘దమ్ము’ అంటారు. ధైర్యాన్ని కూడా దమ్మే అంటారు. “ఆమెకు దమ్ముంది” అని ఎవరైనా అంటే, జాలిపడాలో మెచ్చుకోవాలో పక్కవాళ్ళని అడిగి తెలుసుకోవాల్సిందే! మా అత్తమ్మ విషయంలో ఆ ఇబ్బంది లేదు. ఆమెకు రెండూ ఉన్నాయి. ముప్ఫయ్యేళ్ళుగా ఈ జబ్బుతో కాపురం చేస్తోంది. వరికోతల దుమ్ము, చలికాలం మంచు, పక్కింటి పోపు ఘాటు, ఏది తగిలినా ఛాతీ పట్టేస్తుంది.

ఆమెకు సేవ చేయడమంటే మా ఇంట్లో ఒకటే అర్థం ఉండేది: దగ్గరికి వెళ్ళడం. వీపు రాయడం, దిండ్లు ఎత్తుపెట్టడం, అర్ధరాత్రి ఆటో ఎక్కించుకుని ఆసుపత్రికి పరుగెత్తడం, అక్కడ మందుని ఆవిరిలా వదిలే నెబ్యులైజర్ ముందు కూర్చోబెట్టి చెయ్యి పట్టుకోవడం.

ఇది చాలదన్నట్టు ఏటా మృగశిర కార్తెకి హైదరాబాదు ప్రయాణం. బత్తిని వారు ఉచితంగా ఇచ్చే చేపమందు కోసం. బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో పసుపుపచ్చని ముద్ద పెట్టి, దాన్ని రోగి చేత మింగిస్తారు. నల్లగొండ నుంచీ, పాలమూరు నుంచీ బస్సులకు బస్సులు కదిలేవి. ఆ మందుతో ఉబ్బసం తగ్గుతుందని వైద్యశాస్త్రం ఒప్పుకోలేదు. డిగ్రీ చదివిన కోడల్ని కదా, ఒకసారి అత్తమ్మతో వాదనకి దిగాను. ఆమె నవ్వి, “అక్కడ అందరూ దగ్గేటోళ్ళే బిడ్డా. ఒక్కరు గూడ మొఖం తిప్పుకోరు” అంది. నా చదువులో దీనికి జవాబు లేదు.

2020లో కరోనా వచ్చింది. ఆ ఏడూ, మరో రెండేళ్ళూ చేపమందు పంపిణీ జరగలేదు. ఊపిరాడని వేలమందిని ఒకచోట కిక్కిరిసి నిలబెట్టే రోజులా అవి? ఆపడం న్యాయమే. కానీ అత్తమ్మకు మొహం తిప్పుకోని చోటు ఒక్కటీ మిగల్లేదు. కూరగాయల బండి దగ్గర ఆమె ఒకసారి దగ్గితే చాలు, నలుగురూ నాలుగు దిక్కులకు జరిగేవారు. “కరోనా కాదయ్యా, ఇది పాత దమ్ము” అని చెప్పుకునేది, తప్పు చేసినదానిలా. పాత జబ్బుకి కూడా సంజాయిషీ చెప్పుకోవలసిన కాలం!

వైద్యం తీరూ మారింది. నెబ్యులైజర్ పొగమంచుతో పాటు వైరస్ గదంతా వ్యాపించవచ్చని, వీలైనంత వరకు దాన్ని వద్దన్నారు. పీల్చే పంపుకి స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టం తగిలించి వాడమన్నారు. ఉబ్బసం పొంగినప్పుడు కూడా చాలామందికి అది యంత్రంతో సమానంగా పనిచేస్తుందని అంతకు ముందే తెలుసట! స్టెరాయిడ్ పంపు వాడితే ఒంట్లో శక్తి తగ్గి కరోనా పట్టుకుంటుందని వీధిలో పుకారు. డాక్టర్లు దానికి పూర్తిగా ఎదురు చెప్పారు: రోజువారీ పంపు ఆపవద్దు, అదుపు తప్పిన ఉబ్బసమే అసలు ప్రమాదం అని. 2020 మార్చి 25న ఫోనులో వైద్యానికి కేంద్ర ప్రభుత్వం నియమాలు ప్రకటించింది. ఖర్చుతో కూడిన కొన్ని ఇంజక్షన్లను ఇంట్లోనే తీసుకోవడం ఇతర దేశాల్లో రోగులకు నేర్పారు. అంటే ఆసుపత్రి మెల్లగా మన వంటింటి పక్క గదిలోకి వచ్చింది. నర్సు ఉద్యోగం ఎవరికి పడిందో వేరే చెప్పాలా?

ఇక నా సంగతి. ఆ ఆగస్టులో ఒక రాత్రి. మా వారి ఆఫీసులో ఒకరికి కరోనా వచ్చిందని ఆయన మేడమీద గదిలో ఒంటరిగా ఉన్నారు. అత్తమ్మకి రెండు రోజులుగా దగ్గు. పాత దగ్గో, కొత్త దగ్గో తెలియదు. అర్ధరాత్రి మూలుగు వినిపించి వెళ్ళాను. మంచం పట్టె పట్టుకుని ముందుకు వంగి కూర్చుంది. భుజాలు ఎగిసిపడుతున్నాయి. నన్ను చూసి, రావద్దని చెయ్యి ఊపింది.

నేను గడప దగ్గర ఆగిపోయాను. అర నిమిషం ఉంటుందేమో.

నా నవలల్లో కోడళ్ళు అత్తల మంచం పక్కన తెల్లవార్లూ కూర్చుంటారు. ఒక్కతె కూడా గడప దగ్గర ఆగదు. రాయడం ఎంత తేలిక!

తర్వాత వెళ్ళాను. మాస్కు మీద కొంగు కూడా బిగించుకుని, గొట్టం ఆమె నోటికి అందించి, డాక్టరుకి ఫోను చేశాను. “ఆమెతో ఒక వాక్యం మాట్లాడించండి, వింటాను” అన్నారాయన. అత్తమ్మ ఫోను వైపు చూడలేదు. నన్నే చూస్తూ, “నువ్వు... తిన్నవా... బిడ్డా” అంది, మూడు ముక్కలుగా. ఆయన చెప్పినట్టు పంపు ఒక్కోసారి నొక్కడం, నాలుగైదు సార్లు ఊపిరి పీల్పించడం, మళ్ళీ నొక్కడం. వేలికి తగిలించిన ఆక్సీమీటర్‌లో అంకె తగ్గితే వెంటనే ఆసుపత్రికి బయల్దేరమన్నారు. ఆ అవసరం రాలేదు. తెల్లవారుజామున, “ఇగ పోయి పండుకో, పొద్దుగాల పాలాయన వస్తడు” అంది. ఒకే ఊపిరిలో!

ఆ అర నిమిషం మాత్రం నన్ను వదల్లేదు. భయం సహజం కదా అని స్నేహితురాలు ఓదార్చింది. నిజమే. ఇంట్లో పిల్లలున్నారు, నాకేమైనా అయితే ఆమెకే దిక్కు లేదు. జాగ్రత్త తప్పు కాదు. కానీ నేను ఆగింది ఆమెకోసమా, నాకోసమా? అదే నా బాధ. ఆమెకు జబ్బు అంటించకూడదని దూరంగా ఉండటం ఒకటి, ఆమె జబ్బు నాకు అంటకూడదని దూరంగా ఉండటం ఒకటి. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఆరడుగులంటే ఆరడుగులే! ఏది ఏదో ఆ గడపమీద నిలబడ్డ మనిషికే తెలుస్తుంది.

ఎంత ఆలోచించినా నాకు ఒక కొలతే దొరికింది. దూరంగా ఉన్న మనిషి ఆ దూరాన్నుంచి ఏం చేస్తోంది? ఆ మార్చిలో బ్రిటన్ ప్రభుత్వం తీవ్రమైన ఉబ్బసం ఉన్నవారితో సహా లక్షలమందికి పన్నెండు వారాలు ఇల్లు కదలవద్దని ఉత్తరాలు రాసింది. అవసరమైనవారికి తిండి, మందులు గుమ్మంలోకి పంపే ఏర్పాటూ చేసింది. మా ఎదురింటావిడ మా గుమ్మం తొక్కలేదు. కానీ రోజూ గేటు అవతలినుంచి, “పంపులో మందుందా? మందుల షాపుకి పోతున్న” అని కేకేసేది. ఆమె దూరం సేవే. అంతకు ముందు పన్నెండేళ్ళు అత్తమ్మ పక్కనే తిరిగిన నేను, పంపులో ఎంత మందు మిగిలిందో ఒక్కనాడైనా చూశానా? వీపు రాసి, మిగతాది ఆసుపత్రికి వదిలేశాను. నా దగ్గరితనంలోనూ కొంత దూరం ఉందన్నమాట.

2023 జూన్‌లో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేపమందు మళ్ళీ మొదలైంది. “పోదమా?” అంది అత్తమ్మ. పంపు మాత్రం ఒక్క పూటా మానకూడదని ఒట్టు వేయించుకుని బయల్దేరదీశాను. బస్సులో ఉండబట్టలేక, మూడేళ్ళుగా దాచుకున్న ఆ అర నిమిషం సంగతి చెప్పేశాను.

“నాకెర్కే. గడపకాడ నిలవడ్డది చూడలేదా ఏంది? నేనే రావద్దంటి గద” అంది కిటికీలోంచి చూస్తూ. కాసేపాగి, “అయినా వచ్చినవ్ గద” అంది.

నా తప్పు ఆమె కొట్టేసినా, నా లెక్కలో అది ఇంకా బాకీగానే ఉంది. అందుకే ప్రతి నెలా ఒకటో తారీకున, పాల లెక్క చూడకముందే, పంపులో మందు ఎంతుందో చూస్తాను. ఇదిగో, బస్సులో ఎవరైనా దగ్గితే మొహం తిప్పుకోకుండా ఉండటం ఇంకా నేర్చుకుంటున్నాను. అంత దమ్ము ఇంకా పూర్తిగా రాలేదు మరి. మీకు వచ్చిందా?