లింగో వాద్యాలకు వారసులెవరు?

బస్తర్ మురియా గోండులకు లింగో దేవుడు, గురువు, అంతకుమించి సంగీతకారుడు. పద్దెనిమిది వాద్యాలను ఒకేసారి వాయించాడని వాళ్ల నమ్మకం. యువతీయువకుల వసతిశాల అయిన ఘోటుల్‌ను నెలకొల్పిందీ ఆయనేనంటారు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1947 నాటి గ్రంథంలోనూ ఆ కథ ఉంది. అంతటివాడి వారసత్వాన్ని నేటి కళాకారులు తమకు తోచినట్టు మలచుకుంటే అపచారమా? కాదనే అంటాను. నారాయణపూర్ జిల్లా గఢ్‌బెంగాల్‌లో పండీరామ్ మండావి చేసే సులూర్‌ను చూడండి. వెదురు గొట్టం, ఒంటినిండా నగిషీ. ఊదనక్కర్లేదు, చేత్తో ఊపితే గాలి దూరి పలుకుతుంది. 2025లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ గొట్టం ఇప్పుడు పట్నాల్లో ముందుగదుల గోడలకూ వేలాడుతోంది.

పూజ నుంచి తెగిన వాద్యం ఒట్టి బొమ్మేగా అనొచ్చు. కొట్టిపారేయలేని మాటే. మ్యూజియం అద్దాల వెనక వస్తువుంటుంది, ఊపే చెయ్యి ఉండదు. కానీ ఆ తప్పు కొత్తదనానిది ఎలా అవుతుంది? వాడుక ఆగిపోవడం వల్ల వచ్చిన లోటది. లింగో నుంచి అందింది వాయించే విద్య అయితే, దానికి ప్రతి తరంలోనూ కొత్త చేతులు కావాలి. ఆ చేతులు బయటినుంచి కూడా రావొచ్చు. ముంబై కళాకారిణి నవ్‌జోత్ అల్తాఫ్ 1990ల చివర్లో బస్తర్‌లోని కొండగావ్ వచ్చి, స్థానిక శిల్పులు రాజ్‌కుమార్, శాంతిబాయి, గెస్సూరామ్‌లతో కలిసి పిల్లలు కలిసి ఆడుకునే ‘పిల్లగుడులు’ కట్టించారు. అయితే ఇలా బయటివాళ్లు వచ్చి పేరు కొట్టేస్తారన్న భయం, నా దృష్టిలో, దైవభక్తి కన్నా బలమైన అభ్యంతరం. అందుకే ఏది మార్చాలో తేల్చేటప్పుడు శాంతిబాయి లాంటివాళ్ల మాట చెల్లిందా అని ముందు అడగాలి. లింగోకు కోపం వస్తుందా అన్నది ఆ తర్వాతి సంగతి.