సిలువ కాకపోతేనేమి?

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పినపాక మండలంలోని జానంపేట వైపు వెళితే, గుండ్రంగా పేర్చిన బండరాళ్ళ వలయాలు కనిపిస్తాయి. వలయం నడుమ రాతి పలకలు పెట్టెలాగా నిలిపి, పైన ఒక పెద్ద బండ కప్పి ఉంటుంది. కొన్నిటి లోపల ఒకే రాతిని తొలిచిన తొట్టి కూడా ఉంటుంది, మన ఇళ్ళలో పశువులకు పెట్టే కుడితి తొట్టి వంటిది. పల్లె జనం వీటిని రాకాసి గూళ్ళంటారు. అంతేసి బండలు ఎత్తడం రాక్షసులకే చెల్లుతుందని వారి లెక్క. ఇటువంటివి తవ్విన చోట దొరికింది మాత్రం మనుషుల ఎముకలు, నలుపు ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు. క్రీస్తు పుట్టడానికి ఎన్నో వందల ఏళ్ళ ముందే మొదలైన ఇనుపయుగపు సమాధులివి.

అక్కడినుంచి ఉత్తరంగా, ములుగు జిల్లాలోని కాటాపూర్, మల్లూరు ప్రాంతాలలో ఇటువంటి సమాధుల పక్కనే నిలువెత్తు రాళ్ళున్నాయి. దూరం నుంచి చూస్తే అచ్చం సిలువలే. 1860లలో ముల్హరన్ అనే సర్వే అధికారి వాటి సంగతి రాశాడు. 1872లో ఫెర్గూసన్ తన గ్రంథంలో అవి క్రైస్తవుల సిలువలేనని వాదించాడు. తరువాతి పరిశోధకులు దానిని ఒప్పుకోలేదు. అవి తల, భుజాలు చెక్కిన మనిషి బొమ్మలు. కొన్ని స్త్రీమూర్తులు కూడా.

మా విచారణ యువకులు కొందరు వాటిని చూసి వచ్చి, “ఫాదర్, అవి మనవేనంట గదా, అక్కడ ఒక పూజ పెట్టుకుందామా?” అని అడిగారు. మనవి కావని చెబితే వారి ముఖాలు చిన్నబోయాయి. (సిలువ ఆకారం కనబడితే కొవ్వొత్తి వెలిగించనిదే మనవాళ్ళకు తోచదు, అది మంచి అలవాటే.) “అయితే ఇంకెందుకులెండి” అన్నాడొకడు. నాకు ఆలోచన తెచ్చిపెట్టింది ఆ మాటే.

మనవాళ్ళు కాకపోతే వారికి మనం ఏమీ బాకీ లేమా? పేరు తెలియదు, వంశం తెలియదు, మనం దండం పెట్టినా రాయి విసిరినా వారికి తెలిసే దారి లేదు. గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ అన్నదీ ఇంచుమించు ఇదే: మరణం వచ్చినప్పుడు మనిషే లేడు, ఇక అతనికి జరిగే కీడేమిటి? సెమినరీలో మేము ఈ వాదంతో చాలా కుస్తీ పట్టాం. తర్కానికి బాగానే నిలబడుతుంది, ఇంట్లో నిలబడదు. కన్నుమూసే తల్లికి ఇచ్చిన మాట కొడుకు తప్పితే, ఆమెకు తెలియదు గనుక తప్పు లేదని ఏ ఇంట్లోనైనా ఒప్పుకుంటారా?

ఆ సమాధులు కట్టినవాళ్ళు కూడా అలాంటి మాటే నిలబెట్టుకున్నారు. చాలాచోట్ల శవాన్ని వేరేచోట ఉంచి, ఎముకలు మిగిలాక వాటిని ఏరి తెచ్చి ఈ రాతి పెట్టెలో ఉంచేవారు. అంటే రెండుసార్లు మోశారన్నమాట. ఆ బండ తొలిచి, ఈడ్చి తేవడానికి ఎందరి రెక్కలు పడ్డాయో! మృతులను పాతిపెట్టడం మనం సత్యోపదేశంలో నేర్చుకునే కరుణ కార్యాలలో ఒకటి. ఆ ఉపదేశం వినకుండానే వారు దానిని చేశారు. అటువంటి సమాధిని గుప్తనిధుల కోసం పగలగొట్టినవాడు, దాని పలకను ఇంటి పునాదికి ఎత్తుకుపోయినవాడు దొంగతనమే చేశాడని నా అభిప్రాయం, సొంతదారు పేరు తెలియకపోయినా సరే.

మరి వారికోసం ప్రార్థించవచ్చా? మక్కబీయుల రెండవ గ్రంథం 12వ అధ్యాయం తీసి చూడండి. యుద్ధంలో పడినవారి దుస్తుల క్రింద విగ్రహాల తాయెత్తులు దొరికాయి. అయినా యూదా రెండువేల వెండి నాణెములు చందా పోగుచేసి వారి పాపపరిహారానికి యెరూషలేముకు పంపాడు. ఇక ఇనుపయుగపు వారు, తెలిసి కాదన్నవారు కూడా కారు. తమ తప్పిదం లేకుండా సువార్త ఎరుగక, మనస్సాక్షి చెప్పినట్లు నడచుకొన్నవారు దేవుని కృపతో రక్షణ పొందగలరని రెండవ వాటికన్ మహాసభ 1964లో బోధించింది. క్రీస్తు పాతాళమునకు దిగాడని మనం విశ్వాస సంగ్రహంలో చెబుతాం. అక్కడ ఆయన కోసం ఎదురుచూస్తున్నవారిలో జ్ఞానస్నానం పొందినవాడు ఒక్కడూ లేడు.

ఇదంతా అడవిలోని రాళ్ళ సంగతే అనుకోకండి. మా సమాధుల తోటకు ప్రహరీ ఉంది. జ్ఞానస్నానం అందక పోయిన పసికందులను, ఉరి వేసుకున్నవారిని ఒకప్పుడు ఆ గోడ అవతల పూడ్చేవారు. వారివి గుర్తుపట్టడానికి రాళ్ళు కూడా లేవు. తల్లిదండ్రులు జ్ఞానస్నానం ఇప్పించదలచుకున్న బిడ్డకు పీఠాధిపతి అనుమతితో శ్రీసభ అంత్యక్రియలు జరపవచ్చని 1983 నాటి శ్రీసభ చట్టం 1183వ సూత్రంలో ఉంది. చట్టం మారినా గోడ అక్కడే ఉంది. అటువైపు తుమ్మచెట్లు, ముళ్ళకంప.

నవంబరు 2న సమాధులపై తీర్థం చల్లేటప్పుడు ఈసారి గోడ చుట్టి అటు కూడా వెళతాను. అడిగిన ఆ యువకులకు ముందురోజు కొడవళ్ళు తెమ్మని చెప్పాను.