తండ్రి పేరిట స్కాలర్‌షిప్ ఇస్తే శ్రాద్ధం అవుతుందా?

సందేహం: నాయన సంవత్సరీకానికని దాచిన అయిదు లక్షలు కాలేజీలో డిపాజిట్ చేసి, ఆ వడ్డీతో ఏటా ఒక పేద విద్యార్థికి ఆయన పేరిట స్కాలర్‌షిప్ ఇవ్వాలని అన్నదమ్ములం అనుకుంటున్నాం. ఊరి భోజనాలు పెట్టకుండా ఇలా చేస్తే పితృకార్యం అవుతుందా? పేరు పెడితే పుణ్యం తరుగుతుందని పెద్దలు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, హోసూరు

సమాధానం: శ్రాద్ధం వేరు, శాశ్వత నిధి వేరు. శ్రాద్ధం పుత్రుడికి తప్పని విధి. నిధి ఏర్పాటు ధర్మశాస్త్రాలు ‘పూర్తం’ అని పిలిచే లోకోపకారం. చెరువు, బావి, సత్రం, తోట ఏ కోవలోకి వస్తాయో విద్యార్థి వేతనమూ ఆ కోవలోకే వస్తుంది. ఒకటి చేసినంత మాత్రాన రెండవది తీరిపోదు. కాబట్టి తిథినాటి తర్పణం, పిండప్రదానం యథావిధిగా జరగవలసిందే.

మానదగినవి ఊరి భోజనాలు. మనుస్మృతి మూడవ అధ్యాయం ఈ విషయం తేల్చి చెప్పింది. శ్రాద్ధంలో దేవతల స్థానానికి ఇద్దరు, పితృస్థానానికి ముగ్గురు భోక్తలు చాలు, లేదా చెరి ఒక్కరైనా చాలు. ఎంత సంపన్నుడైనా ఈ సంఖ్య పెంచరాదు. పెంచితే సత్కారం, దేశం, కాలం, శౌచం, పాత్రత అనే అయిదూ చెడతాయి. ఇంత స్పష్టంగా ఉన్నా కృష్ణగిరి జిల్లా పల్లెల్లో మామిడి కాపును పూతలోనే వ్యాపారికి రాసిచ్చి, ఆ బయానా సొమ్ముతో షామియానాలు వేసి వెయ్యి విస్తళ్లు లేపుతున్నారు. దారి పొడవునా ఫ్లెక్సీలు కడుతున్నారు. ఇది ఏ శాస్త్రంలోనూ లేదు. నలుగురూ ఏమంటారోనన్న భయంతో చేసిన ఖర్చు పితృదేవతలకు చేరదు, పిల్లల నెత్తిన పడుతుంది.

పేరు సంగతి. తెలుగునాట సప్తసంతానాలని లెక్కించే వాటిలో పుత్రుడు, చెరువు, గుడి, వనం, అగ్రహారం, కృతితో పాటు ధననిక్షేపమూ ఉంది. తల్లిదండ్రులకు పుణ్యంగా ఇస్తున్నామని పేర్లు చెక్కించిన దానశాసనాలు తెలుగు దేశమంతటా కనిపిస్తాయి. పేరు దోషమైతే ఆ రాళ్లన్నీ దోషమే. భగవద్గీత పదిహేడవ అధ్యాయం తప్పుపట్టింది ప్రతిఫలం ఆశించే దానాన్ని. చెక్కు చేతికిచ్చే ముందు పిల్లవాడి చేత దాత తండ్రి పటానికి దండ వేయించి, ఫొటో తీయించి, ఆ పై ఎన్నికల్లో అతన్ని తమ వెంట తిప్పుకుంటే అది దానం కాదు, కూలి.

నిధికి ప్రాణం అసలు సొమ్ము. పాత శాసనాలు దీన్ని అక్షయనీవి అన్నాయి. క్రీ.శ. 120 ప్రాంతంలో క్షత్రప రాజు నహపానుడి అల్లుడు ఉషవదాతుడు నాసిక్ గుహలో వేయించిన శాసనం దీనికి చక్కని నమూనా. ఆయన 3,000 కార్షాపణాలను (నాటి నాణేలు) గోవర్ధనంలోని సాలెవారి శ్రేణుల (వృత్తి సంఘాల) దగ్గర ఉంచాడు. అందులో 2,000కు వడ్డీ నెలకు నూటికి ఒకటి, అంటే ఏడాదికి 240. ఇరవై మంది భిక్షువులకు తలా 12 చొప్పున బట్టలకు సరిగ్గా సరిపోతుంది. అసలు ఎన్నటికీ తిరిగి ఇవ్వరాదని, వడ్డీనే అనుభవించాలని కట్టడి. నేటి అయిదు లక్షలకు బ్యాంకు ఏడు శాతం ఇస్తే 35,000 వస్తుంది. అందులో 5,000 ఏటా అసలులో కలపకపోతే, ధరలు పెరిగి పదిహేనేళ్లకు ఆ వేతనం విలువ బాగా తరిగిపోతుంది. డిపాజిట్ అన్నదమ్ములలో ఒకరి పేర ఉండకూడదు, సంస్థ పేరనో నమోదైన ట్రస్టు పేరనో ఉండాలి. ఇచ్చిన ఆవునే తెలియక రెండోసారి దానమిచ్చిన నృగమహారాజు ఊసరవెల్లి అయి బావిలో పడి ఉన్నాడు. తెలిసి అసలును వెనక్కి లాగేవాడి గతి చెప్పనక్కరలేదు.

ఎవరికివ్వాలి? కులం చూసి గిరి గీయడం పూర్తధర్మం కాదు. రుద్రమదేవి కాలంలో, 1261లో, విశ్వేశ్వర శివాచార్యులు వేయించిన మల్కాపురం శాసనం విద్యార్థులకు, ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు ఏర్పాట్లు చేస్తూనే, అన్నసత్రంలో ఏ కులం వారికైనా అన్నం పెట్టాలని విధించింది. తమిళనాడులో ప్రభుత్వ పాఠశాలల్లో చదివి కాలేజీలో చేరిన అమ్మాయిలకు 2022 నుంచి పుదుమైప్పెణ్, అబ్బాయిలకు 2024 నుంచి తమిళ్ పుదల్వన్ పథకాల కింద నెలకు వెయ్యి రూపాయలు అందుతున్నాయి. అవి అందనివారు, అందినా చాలనివారు దాతకు ముందు కనబడాలి. అంచెట్టి, తళి వైపు నుంచి తెల్లవారకముందే బస్సెక్కి హోసూరు వచ్చే ఐటీఐ కుర్రవాడికి ఫీజు చిన్నదే. మధ్యాహ్నం అన్నం, సొంతానికి ఒక వెర్నియర్ కాలిపర్ పెద్ద ఖర్చులు. నూటికి తొంభై మార్కులు వచ్చినవాడికే ఇవ్వాలన్న షరతు పెడితే, సాయంత్రం పనికి వెళ్లి చదివే పిల్లవాడు మొదటి వడపోతలోనే రాలిపోతాడు.

చివరిగా కాలం. దేశం, కాలం, పాత్ర చూసి ఇవ్వమన్నది పైన చెప్పిన గీతాధ్యాయమే. మాఘమాసంలో తిథి వచ్చిందని అప్పటిదాకా చెక్కు ఆపితే, కాలేజీ తెరిచినప్పుడు ఫీజు కట్టలేక చదువు మానిన పిల్లవాడికి అది అందదు. తిథినాడు ఇంట్లో తర్పణం విడవాలి. వేతనం కాలేజీ తెరిచిన మొదటి వారంలోనే ఆ పిల్లవాడి ఖాతాలో పడాలి.