అచ్చిందా?

ఇంటిమీదికెక్కి ఏంటెనా తిప్పేవాడికి బొమ్మ కనపడదు. బొమ్మ కనపడేవాడి చేతికి ఏంటెనా అందదు. టెలివిజన్ మా వైపు వచ్చిన కొత్తలో ఇంటింటా జరిగిన తగువులన్నిటికీ మూలం ఈ రెండు ముక్కల్లోనే ఉంది. పని చేసేవాడొకడు, ఫలితం చూసేవాడు ఇంకొకడు. మధ్యన ఉన్నది ఒక్క కేక: "అచ్చిందా?"

కొత్తతరం వాళ్ళకు ఇదంతా కథలా ఉంటుంది కనుక కాస్త వివరం చెప్పాలి. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం మొదలైంది 1977 అక్టోబరు 23న. అక్కణ్ణించి కరీంనగరానికి రోడ్డు మీద 160 కిలోమీటర్లు. టి.వి. తరంగం ఇంచుమించు మన చూపులాంటిది. తిన్నగా పోతుందే కాని భూమి వంపు చాటుకు దిగడం దానికి ఇష్టం ఉండదు. 150 మీటర్ల స్తంభం మీద నుంచి బయల్దేరిన తరంగం, ఇవతల 10 మీటర్ల గొట్టం మీద పెట్టిన ఏంటెనాకు లెక్క ప్రకారం ఏ 65 కిలోమీటర్ల దాకానో అందుతుంది. ఆ పైన దైవాధీనం. అయినా మనవాళ్ళు ఊరుకుంటారా? ఇనుప గొట్టం మీద గొట్టం అతికి, నాలుగు దిక్కులా తీగలు లాగి కట్టి, తాటిచెట్టుతో పోటీపడే గడలు లేపారు. గాలి పొరల్లో వేడీ చల్లనా తారుమారైన కొన్ని రాత్రులు తరంగం వంగి దూరం పోతుంది. అటువంటి రాత్రి హైదరాబాదు వార్తలు కరీంనగరంలో కనిపించేవి. చదివే మనిషి మొహం కనిపించేది కాదనుకోండి, మనిషి అని మాత్రం తెలిసేది. అదే పదివేలు.

1983 ఆగస్టు 30న ఇన్సాట్-1బి ఆకాశానికెక్కింది. 1984లో దేశమంతటా పట్నాల్లో 100 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్లు వరసగా వెలిశాయి. వాటి సత్తా 10, 15 కిలోమీటర్లు. ఆ గీటుకు లోపలివాళ్ళు అదృష్టవంతులు, అవతలివాళ్ళు మళ్ళీ గడలవాళ్ళు. ఇక నిర్మల్ దాటి ఆదిలాబాదు తోవలో ఘాట్లెక్కితే గుట్టలే అడ్డం. గుట్టకు ఇవతల ఊరికి బొమ్మ, అవతల ఊరికి చుక్కలు. 1987 జనవరి 25న రామాయణం సీరియలు మొదలయ్యాక ఆదివారం పొద్దున ఎన్ని ఇళ్ళమీద ఎంతమంది మగవాళ్ళు నిలబడి ఉండేవారో ఎవరూ లెక్క తీయలేదు గాని, ఆకాశంలోంచి చూసినవాడెవడైనా ఉంటే ఇదేదో సామూహిక సూర్యనమస్కారం అనుకొని ఉంటాడు.

ఇంటిమీద ఒకడు. వాకిట్లో ఒక పిల్లవాడు. గడపలో ఇంకొకడు. లోపల తెర ముందు పెద్దలు.

"అచ్చిందా?"

"రాలే!"

"ఇప్పుడు?"

"జర అటు తిప్పుమంటున్నరు కాకా!"

"అటంటె ఎటు?"

ఇది చిన్న ప్రశ్న కాదు సుమా. తెర వైపు తిరిగి కూర్చున్నవాడి 'అటు' ఒకటి, ఇంటిమీద తూర్పుకు తిరిగి నిలబడ్డవాడి 'అటు' మరొకటి. "ఆగు ఆగు, అచ్చింది!" అన్న మాట గడప దాటి, వాకిలి దాటి, పెంకులమీది కెక్కేటప్పటికి వాడు ఇంకో జానెడు తిప్పేసి ఉంటాడు. బొమ్మ పోతుంది. "పోయింది, మళ్ళ ఎనుకకు!" అన్నది చేరేసరికి ఇంకెక్కడో ఉంటాడు. నిజం చెప్పడం ఒక్కటే చాలదు, వేళకు చేరాలి.

ఏంటెనాలో తిప్పులాట ఒక్కటే రోగం కాదు. ఇంటిమీంచి దిగే రిబ్బను తీగ తడిస్తే బొమ్మ పలచబడుతుంది. అతుకుల దగ్గర చిలుం పడితే గాలికొట్టినప్పుడల్లా వచ్చి పోతుంది. కోతి గీతి ఊగితే కడ్డీలు వంగుతాయి. ఒక్కో మనిషికి ఇద్దరు కనబడ్డారంటే మాత్రం ఏంటెనా నేరం కాదు, గుట్ట నేరం. తిన్నగా వచ్చిన తరంగం ముందు చేరుతుంది; గుట్టకు తగిలి చుట్టు తిరిగి వచ్చింది వెనక చేరుతుంది. 300 మీటర్లు ఎక్కువ నడిచిందంటే సెకనులో పది లక్షలో వంతు ఆలస్యం. 20 అంగుళాల తెర మీద ఆ కాస్త ఆలస్యమే ముప్పావు సెంటీమీటరు పక్కన ఇంకో సీతమ్మను నిలబెడుతుంది. చుట్టు తిరిగి వచ్చిన కబురు అబద్ధం కాదు, కాని దాన్ని అసలు కబురు పక్కన పెడితే చూపు చెదురుతుంది. కొందరు బూస్టర్లు కొన్నారు. బూస్టరు బొమ్మనూ పెంచుతుంది, చుక్కల్నీ పెంచుతుంది. పొగిడేవాళ్ళను పక్కన పెట్టుకున్న పెద్దమనుషుల సంగతీ అంతే.

అన్నిటికన్న విచిత్రం ఇంకొకటి. గొట్టాన్ని చేత్తో పట్టుకున్నంతసేపూ బొమ్మ అద్దంలా ఉంటుంది, వదిలితే పోతుంది. మనిషి ఒళ్ళు కూడా ఏంటెనాలో ఒక ముక్కై కూర్చుంటుంది. "గట్లనే పట్టుకోని ఉండు కాకా!" అని లోపలినుంచి ఆజ్ఞ. లోపల హనుమంతుడు లంక కాలుస్తుంటే, పైన కాక మాడు కాలుతుంటుంది. పదిమంది చూడటం కోసం ఒకడు చూడకుండా నిలబడాలనడం ధర్మమేనా? వంతులు వేసుకొని గొట్టం పట్టుకున్న ఇళ్ళూ ఉన్నాయి. వంతు అన్న మాట ఎత్తని ఇళ్ళూ ఉన్నాయి. ఏ ఇంటి సంగతేమిటో ఆ అరగంటలో తెలిసిపోయేది.

నన్ను ఇన్నేళ్ళూ విడవకుండా పట్టుకున్న ప్రశ్న మాత్రం వేరు. మా చిన్నాయనకు అప్పటికి అరవై దాటాయి. గూనపెంకల ఇల్లు, ముందురోజు వాన, పాకుడు. ఆయన ఎంత తిప్పినా తెర నిండా చుక్కలే. పెంకు కదిలిన చప్పుడు అయినప్పుడల్లా చిన్నమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంటున్నది. చివరికి ఆమే వాకిట్లోకి వచ్చి, "అచ్చిందచ్చింది, ఇగ దిగుండ్రి!" అని కేకేసింది. ఆయన దిగి వచ్చాడు. కాళ్ళు కడుక్కొని తెర ముందు కూర్చున్నాడు. చుక్కల వంక చూశాడు. ఏమీ అనలేదు. ఆమె చాయ్ తెచ్చి ఇచ్చింది, తాగాడు.

అబద్ధమేనా అది? ఆమెకు కావలసింది బొమ్మ కాదు, ఆయన కాలు. ఇందులో పాపం ఎక్కడుందని మీరు అడగవచ్చు. నేనూ అప్పుడు అట్లాగే అనుకున్నాను. కాని మరుసటి ఆదివారం చిన్నాయన పక్కింటి పిల్లవాణ్ణి పిలిచి తెర ముందు కూర్చోబెట్టి మరీ నిచ్చెనెక్కాడు. "ఏం, నా కండ్లు కనవడ్తలేవా?" అని చిన్నమ్మ చిన్నబుచ్చుకున్నది. దానికీ ఆయన జవాబు చెప్పలేదు.

ఆదివారాల ఆ తెర మీదికే 1988 అక్టోబరు 2న మహాభారతం కూడా వచ్చింది. అశ్వత్థామ చచ్చాడని భీముడు అరిస్తే ద్రోణుడు నమ్మలేదు. కొడుకు తనకు కనపడేంత దూరంలో లేడు. అందుకని అబద్ధమాడడని పేరున్న ధర్మరాజును అడిగాడు. అంటే "అచ్చిందా?" అని అడగడానికి పక్కింటి పిల్లవాణ్ణి పిలిచాడన్నమాట! ధర్మరాజు సగం మాట గట్టిగా, ఏనుగు సంగతి మెల్లగా అన్నాడు. ఆ మెల్లని ముక్క శంఖాల రొదలో కలిసిపోయిందని చెప్పుకుంటారు. నేలకు నాలుగంగుళాలు ఎత్తున నడిచే ధర్మరాజు రథం ఆ రోజు నేలకు తగిలింది. ఆయన చేసింది గెలుపు కోసం, మా చిన్నమ్మ చేసింది మనిషి కోసం. రెండిటినీ ఒక గాటన కట్టడం న్యాయం కాదు. ఐనా చూడలేనివాడు నమ్మి అడిగిన మాట విషయంలో రెండుచోట్లా నష్టం ఒకే రకంగా వచ్చింది: ఇంకోసారి అడగడానికి మనిషి లేకుండా పోయాడు.

శత్రువు దగ్గర సైతం నిజమే దొరికిన సందర్భం ఒకటుంది. మన ఇళ్ళమీద నిలిచిన చేపముల్లు ఏంటెనాను జపాన్ ప్రొఫెసర్లు యాగి, ఉడా 1926లో తయారుచేశారు. సొంత దేశంలో దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1942లో సింగపూరు పట్టుకున్న జపాన్ సైన్యానికి ఒక ఇంగ్లీషు రాడార్ మనిషి నోటు పుస్తకం దొరికింది. నిండా 'యాగి' అనే మాట. ఏ రహస్య భాషో అని వాళ్ళు ఖైదీని నిలదీస్తే, "అది మీ ప్రొఫెసరు పేరే కదా!" అన్నాడట.

"రాలే" అనడానికి ఎంత గుండె కావాలో అమెరికాలో పెంజియాస్, విల్సన్‌లను చూస్తే తెలుస్తుంది. 1964లో వాళ్ళ పెద్ద ఏంటెనాలో ఒక రొద పోలేదు. అందులో గూడు కట్టిన పావురాలను తోలారు, రెట్టలు కడిగారు. పోలేదు. పోయిందని రాసుకొని ఇంటికి పోవచ్చు, పోలేదనే రాశారు. అది విశ్వం పుట్టినప్పటి వేడి తాలూకు శేషమని తేలింది, 1978లో నోబెల్ వచ్చింది. మా చిన్నాయన తెర మీది చుక్కల్లోనూ ఆ ఆదిమ రొద రవ్వంత ఉంది.

"రాలే, అయినా దిగుండ్రి" అనవచ్చు కదా చిన్నమ్మా, అని చాలా ఏళ్ళ తర్వాత అడిగాను. నిజమూ దక్కేది, మనిషీ దక్కేవాడు. ఆమె నా వైపు ఎగాదిగా చూసి, "రాలేదంటె దిగుతడా బిడ్డా మీ చిన్నాయన?" అన్నది. దీనికి నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ నేను ఆ మూడు మాటల వైపే ఉన్నాను గాని, పెంకు కదిలిన చప్పుడు విన్నది ఆమె, నేను కాదు.

2022 మార్చి నాటికి దూరదర్శన్ ఆ పాత ట్రాన్స్‌మిటర్లను, కొన్ని చోట్ల తప్ప, కట్టివేసింది. గడలు కొన్ని ఇంకా ఉన్నాయి, బట్టలారేసే తీగకు పనికొస్తున్నాయి. ఆదిలాబాదు అడవి గూడేల్లో ఫోను పట్టుకొని గుట్టెక్కేవాళ్ళను చూస్తుంటాను. మాట అవతలికి చేరిందో లేదో చెప్పాల్సింది మళ్ళీ అవతలివాడే. మొన్న బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఫోనులో, "ఓ అల్లుడా, వినవడ్తుందా?" అని బస్సంతా అదిరేట్టు అరిచాడు.

అవతలి గొంతు నాక్కూడా వినిపించింది: "వినవడ్తలేదు మామా!"

"గట్లనా, మంచిది" అని ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు.