స్వాస్థ్యము పంచుటలో న్యాయము



2001లో గనులు మూతపడ్డాక చేతికొచ్చిన డబ్బుతో మనలో కొందరము ఇండ్లు కట్టుకున్నాము. అవి రేపు ఎవరివి?

వీలునామా లేకపోతే, 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం క్రైస్తవుని ఆస్తిలో భార్యకు మూడవ వంతు. మిగిలినది కుమారులకు, కుమార్తెలకు సమానము. వీలునామా వ్రాస్తే మన ఇష్టము. "పెండ్లిలో ఇచ్చేశాము" అని కూతురి పేరు కొట్టివేసినా చట్టం అడ్డుకోదు. మన విశ్వాసానికి పరీక్ష అక్కడే. సెలోపెహాదు కుమార్తెలు అడిగినది న్యాయమని దేవుడే చెప్పెను గదా (సంఖ్యా. 27).

ఈ చట్టం తెలిసిన సివిల్ లాయరును వెదకండి. సాక్షులు ఇద్దరుండాలి, ఆస్తి పొందేవారు సాక్షి సంతకం చేస్తే వారికి వ్రాసినది చెల్లదు. వీలునామాను అమలు జరిపే ఎగ్జిక్యూటరుగా నమ్మకస్థుని పెట్టండి.

బ్రతికుండగానే న్యాయముగా వ్రాయండి. పిల్లల మధ్య సమాధానము కూడ మనమిచ్చే స్వాస్థ్యమే.